భయపడేది ఒకచోట, ప్రాణం పోయేది ఇంకోచోట

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వారానికో పదిరోజులకో ఒక ఫొటో పడుతుంది. సీసీ కెమెరా లోంచి తీసిన మసక ఫొటో, అందులో ఒక మనిషి చుట్టూ ఎర్ర గీత, కింద "ఈయనెవరు? సెక్యూరిటీ ఏం చేస్తున్నట్టు?" అని ఒక ప్రశ్న. ఇక మొదలు. గంట తిరిగేసరికి గ్రూపు నిండిపోతుంది. వాచ్‌మన్‌ని మార్చాలని ఒకరు, ఇంకో పది కెమెరాలు పెట్టాలని ఒకరు, అసలు కమిటీయే దండగని ఇంకొకరు. ఆఖరికి తేలేదేమిటంటే ఆ మనిషి ఎవరింట్లోనో ఏసీ సర్వీసింగ్‌కి వచ్చినవాడో, ఫ్లాట్ నంబరు తప్పు విన్న డెలివరీ కుర్రాడో అయ్యుంటాడు. ఒకసారైతే మా బ్లాకులోనే ఉండే ఒకాయన తమ్ముడు. ఊరి నుంచి రాత్రి బస్సులో వచ్చి, మాసిన గడ్డంతో, లుంగీ మీదే పాల ప్యాకెట్ కోసం కిందకి దిగాడు పాపం. సంగతి తేలాక మాత్రం గ్రూపు సైలెంట్. ఎవరో ఒక నమస్కారం బొమ్మ పెడతారు, అక్కడితో సరి.

అదే గ్రూపులో మొన్న వేసవిలో ఇంకో మెసేజీ వచ్చింది. మా బ్లాకులో నాలుగైదు ఇళ్ళలో పనిచేసే ఆవిడని పొద్దున్నే గేటు బయట మలుపులో బైకు గుద్దింది. అక్కడ ఫుట్‌పాత్ లేదు. ఉన్న కాస్త జాగాలో ట్రాన్స్‌ఫార్మరూ, కొబ్బరిబోండాల బండీ, మా ఇళ్ళకొచ్చే చుట్టాల కార్లూ ఉంటాయి కాబట్టి నడిచేవాళ్ళు రోడ్డు మీదే నడవాలి. బైకేమో రాంగ్ రూట్‌లో వచ్చింది, ఎందుకంటే యూటర్న్ కిలోమీటరు అవతల ఉంది. ఆవిడ కాలు విరిగింది. గుద్దిన కుర్రాడు వస్తున్నది మా గేటు లోపలికే, మాలో ఎవరో పది నిమిషాల్లో కావాలన్న కూరగాయల సంచీతో. మా వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, సాయంత్రానికల్లా చందాలు పోగయ్యాయి, ఆస్పత్రి ఖర్చు గడిచింది. కానీ ఆ ఎర్ర గీతల ఫొటోలు చూసి పుట్టే కోపంలో పదో వంతు కూడా ఆ మలుపు మీద పుట్టలేదు. కమిటీని ఎవరూ తిట్టలేదు. చూసుకుని నడవాలి కదా అని మాత్రం ఒకరిద్దరు అన్నారు.

ఈ రెండు మెసేజీల మధ్య తేడా నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. మనం జాగ్రత్త పేరుతో పెట్టే డబ్బూ, చూపించే కోపమూ, పోగొట్టుకునే నిద్రా అన్నీ కొత్త మొహం కనబడ్డ చోటే ఖర్చైపోతున్నాయి. నిజంగా మనుషులు చచ్చిపోయే చోటికి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలడం లేదు. నా గొడవంతా ఇదే.

2019 నవంబర్ 23న హైదరాబాద్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి ఒక కారు ఎగిరి కింద రోడ్డు మీద పడింది. ఆ ఫ్లైఓవర్ తెరిచి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. అక్కడ స్పీడు లిమిట్ గంటకి 40 కిలోమీటర్లు, కారు వచ్చింది అంతకు రెట్టింపు పైన. కింద రోడ్డు పక్కన, తన మానాన తాను నిలబడి ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు, రెండు రోజులు అన్ని ఫోన్లలోనూ తిరిగింది. సరిగ్గా నాలుగు రోజులకి, నవంబర్ 27 రాత్రి, శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్ పక్కన ఒక వెటర్నరీ డాక్టరమ్మాయిని అత్యాచారం చేసి చంపేసిన ఘోరం జరిగింది. ఆ తర్వాత పదిరోజులు రాష్ట్రమే కాదు, దేశమంతా ఊగిపోయింది. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులనీ పోలీసులు కాల్చేస్తే జనం వెళ్ళి పోలీసుల మీద పూలు చల్లారు. మా ఆఫీసులో స్వీట్లు పంచారు, నేనే చూశాను. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 21 పని దినాల్లో తీర్పు వచ్చేయాలంటూ, ఆ అమ్మాయికి పెట్టిన మారుపేరుతో దిశ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదం రాక అది అమల్లోకే రాలేదు. ఇక ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు కావాలనే కాల్చారనీ, చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లనీ తేల్చింది. ఆ రిపోర్టు 2022లో బయటికొచ్చింది. వచ్చిన రోజున మా ఆఫీసులో ఎవరూ దాని ఊసే ఎత్తలేదు.

ఈ రెండు చావుల్ని ఒకే త్రాసులో పెడుతున్నానని అనుకోకండి. ఒకటి మనిషి చేసిన రాక్షసత్వం, దానికి రగిలిపోకపోతేనే తప్పు. కానీ రగిలిన తర్వాత ఏం చేశామన్నది చూడండి. నలుగురిని కాల్చేస్తే ఊరట కలిగింది, 'ఇప్పుడు భయం తగ్గింది' అని ఆడవాళ్ళే మైకుల ముందు చెప్పారు. ఆ మర్నాడు అదే టోల్‌గేట్ దగ్గర రాత్రి తొమ్మిదింటికి బండి పంక్చరైన అమ్మాయికి కొత్తగా ఏం దొరికినట్టు? అటు బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ విషయంలో ఏ ఊరేగింపూ లేదు, ఏ పూలూ లేవు. కొన్నాళ్ళు మూసేసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి మళ్ళీ తెరిచారు. రోజూ ఆ కింద నుంచి వెళ్ళేదాన్ని కాబట్టి చెబుతున్నాను, నన్ను కాస్తోకూస్తో కాపాడింది ఆ రెండో పనే.

కొంచెం లెక్కలు చెప్పాలి, విసుక్కోకండి. 2022లో దేశం మొత్తం మీద నమోదైన హత్యలు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నడుచుకుంటూ పోతూ చనిపోయినవాళ్ళే 32,825 మంది. అంటే ఈ దేశంలో కత్తికీ తుపాకీకీ రాయికీ కలిపి బలైనవాళ్ళ కన్నా, ఊరికే రోడ్డు మీద నడుస్తూ బలైనవాళ్ళు ఎక్కువ. హెల్మెట్ లేక పోయినవాళ్ళు ఇంకో యాభై వేలు. మన తెలంగాణ ఒక్కదాన్నే తీసుకుంటే హత్యలు వెయ్యికి కాస్త అటూ ఇటూ, రోడ్డు మీద పోయినవాళ్ళు ఏడున్నర వేలు. ఆత్మహత్యలు చేసుకున్నవాళ్ళయితే దేశం మొత్తం మీద 1,70,924 మంది, దాని గురించి మన గ్రూపుల్లో అసలు మాటే రాదు. పోనీ ఆ 28 వేల హత్యలైనా ఎవరో ముసుగు దొంగ గోడ దూకి చేసినవా అంటే, కాదు. దాదాపు పదివేలు గొడవల వల్ల జరిగినవి: గట్టు తగాదా, ఇంటి తగాదా, డబ్బు తగాదా. దోపిడీ కోసమో లాభం కోసమో చేసినవని పోలీసులు రాసుకున్నవి రెండు వేల లోపే.

పోలీసు లెక్కలు నమ్మొచ్చా అని అడుగుతారు, అడగాల్సిందే. కేసు పెట్టకుండా రాజీ చేయించి పంపేసేవి ఎన్నో ఉంటాయి. అందుకే నేను హత్యల లెక్క పట్టుకున్నాను. శవాన్ని లెక్కల్లోంచి మాయం చెయ్యడం అంత సులువు కాదు.

మా నాన్న ఖమ్మంలో ఉంటాడు. రాత్రి తొమ్మిదిన్నర దాటితే ఫోను వస్తుంది.

"ఇంటికి చేరావా తల్లీ? ఇప్పుడే టీవీలో చూపించాడు, ఎవరో క్యాబ్ ఎక్కిందట..."

"చేరాను నాన్నా. నువ్వెక్కడున్నావ్, ఏదో హారన్ల మోత వినబడుతోంది?"

"వైరా రోడ్డు మీద. పెళ్ళికెళ్ళి వస్తున్నా. ఎక్సెల్ పక్కనాపి మాట్లాడుతున్నాలే."

"హెల్మెట్ పెట్టుకున్నావా?"

"ఈ టైములో ఇక్కడ మనల్ని ఎవరు ఆపుతారే!"

ఆ ఆఖరి మాట గమనించారా? హెల్మెట్ అంటే ఆయన దృష్టిలో పోలీసుల నుంచి కాపాడే వస్తువు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చీకట్లో, లారీలు తిరిగే రోడ్డు మీద, టీవీఎస్ ఎక్సెల్ మీద కూర్చుని, నాలుగో అంతస్తులో తలుపేసుకుని చపాతీలు చేసుకుంటున్న కూతురికి ఏమైపోతుందోనని బెంగపడుతున్నాడు. ఆ బెంగ అబద్ధం కాదు, ప్రేమే. కాకపోతే తన నెత్తి మీదున్నది కనబడదు, టీవీలో చూపించేది కనబడుతుంది. 1970ల్లో అమెరికాలో గెర్బ్‌నర్ అనే ఆయన, టీవీ ఎక్కువ చూసేవాళ్ళకి లోకం ఉన్నదానికంటే క్రూరంగా కనబడుతుందని చెప్పాడు. అప్పటికింకా అర్ధరాత్రి క్రైం ప్రోగ్రాములూ లేవు, ఒకే క్లిప్పుని ఏడుసార్లు చుట్టూ తిప్పి మ్యూజిక్ వేసే అలవాటూ లేదు.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "మా రోజుల్లో తలుపులు తీసి ఆరుబయట పడుకునేవాళ్ళం". నిజమే, పడుకునేవాళ్ళు. ఫ్యాన్లు ఉండేవి కావు, ఎత్తుకుపోవడానికి ఇంట్లో ఇత్తడి బిందెలు తప్ప ఏమీ ఉండేవి కావు. కానీ ఆ రోజులు అంత చల్లగా ఉన్నాయా? 1992లో దేశ జనాభా దాదాపు ఎనభై ఏడు కోట్లు, హత్యలు నలభై వేలు. 2022లో జనాభా దాదాపు నూట నలభై కోట్లు, హత్యలు ఇరవై ఎనిమిది వేలు. అంటే లక్ష మందికి లెక్కేస్తే సగానికి పైగా తగ్గాయి. మన ప్రాంతం సంగతే చూద్దాం. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల ఊచకోత. రాయలసీమ ఫ్యాక్షన్ ఊళ్ళలో నాటుబాంబులు, ఊరొదిలి పోయిన కుటుంబాలు. ఉత్తర తెలంగాణలో ఒక పక్క అన్నలు, ఇంకో పక్క పోలీసులు, మధ్యలో ఊళ్ళు. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ అల్లర్లు, పాతబస్తీలో కర్ఫ్యూ అంటే పిల్లలకి కూడా అర్థం తెలిసిన కాలం. కాబట్టి 'మా రోజుల్లో' అన్నప్పుడు ఆ 'మా' ఎవరో కూడా చెప్పాలి. ఊరి నడిబొడ్డున మంచమేసుకున్నవాళ్ళకి ఆ రాత్రి ప్రశాంతంగానే ఉండేది. ఊరి చివర వాడలో పడుకున్నవాళ్ళని అడిగితే వేరే కథ చెబుతారు. అన్నట్టు, భయాలకి అప్పుడూ కొదవ లేదు, దయ్యం వస్తుందని 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపు తలుపుకీ సుద్దతోనో బొగ్గుతోనో రాసుకున్నది ఆ రోజుల్లోనే కదా.

ఆ దయ్యం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. 2018లో వచ్చిన భయం అలా కాదు. గుర్తుందా, ఆ వేసవిలో పార్ధీ గ్యాంగు దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోయి అవయవాలు కోస్తున్నారని వాట్సాప్‌లో ఆడియోలు? మా పిన్ని ఫోనులో నేనే విన్నాను, చక్కటి తెలుగులో, వణికే గొంతుతో, 'దయచేసి పదిమందికి పంపండి' అని. ఆ మే నెలలో బీబీనగర్ దగ్గర చుట్టాలింటికి వెళ్ళిన ఒక ఆటో డ్రైవర్‌ని ఊరివాళ్ళు కొట్టి చంపారు. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపారు. జూలైలో హైదరాబాద్ నుంచి బీదర్ వైపు స్నేహితులతో సరదాగా వెళ్ళిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ముర్కి అనే ఊళ్ళో అలాగే పోయాడు. పిల్లలకి చాక్లెట్లు పంచడం దగ్గర మొదలైంది అనుమానం. ఆ నెలలోనే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఫార్వర్డులు ఒకేసారి ఐదు చాట్లకి మించి పోకుండా కట్టడి పెడుతున్నట్టు చెప్పింది. పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగు వల్ల చనిపోయిన పిల్లవాడు ఒక్కడూ తేలలేదు, దాన్నుంచి పిల్లల్ని కాపాడుతున్నామనుకున్నవాళ్ళ చేతుల్లో మాత్రం మనుషులు పోయారు.

ఇందులో నన్ను ఇంకా ఇబ్బంది పెట్టేది ఆ గ్యాంగు పేరు. పార్ధీలు సంచార జాతి. 1871లో బ్రిటిష్‌వాళ్ళు చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాల్ని కులంగానే నేరస్తులని రాసేసింది. పార్ధీలూ, మన దగ్గర ఎరుకలవాళ్ళూ అందులోకి ఎక్కారు. బాపట్ల పక్కన స్టువర్టుపురం పుట్టింది ఆ చట్టం నీడలోనే, ఎరుకలవాళ్ళని ఒకచోట కాపలాలో ఉంచడానికి. 1952లో చట్టం రద్దయింది. కానీ స్టువర్టుపురం అనగానే ఇప్పటికీ మన నోటికి ముందొచ్చే మాట ఏమిటో మీకూ తెలుసు. ఆ ఊళ్ళో పుట్టి చదువుకుని ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు ఇంటర్వ్యూల్లో ఊరి పేరు చెప్పడానికి తటపటాయించాల్సి వస్తే, అది ఎవరి భద్రత కోసం?

ఆ ఏడాది జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగింది మాత్రం వేరు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి, ఊరికో కానిస్టేబుల్ చొప్పున బాధ్యత ఇచ్చి పంపింది. ఎండాకాలంలో ఆరుబయట పడుకోవాల్సిన జనం చీకటి పడగానే లోపలికెళ్ళి గడియలు పెట్టుకుంటున్నారేమిటని ఒక కానిస్టేబుల్‌కి అనుమానం వచ్చింది. అడిగితే ఈ వీడియోల సంగతి బయటపడింది. తర్వాత డప్పు కళాకారుల్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి, ఇవి అబద్ధం, కొత్తవాళ్ళు కనబడితే కొట్టొద్దు, మాకు చెప్పండి అని పాటలు కట్టి చెప్పారు. ఆ జిల్లాలో ఎవరూ పోలేదు. ఇదంతా ఒక పోలీసాయన ఊరివాళ్ళతో రోజూ మాట్లాడుతూ, వాళ్ళు ఎక్కడ పడుకుంటారో తెలిసినవాడై ఉండబట్టి జరిగింది.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే 'మీ భయం లెక్కలకి సరిపోదు' అని ఒక ఆడమనిషికి చెప్పడమంత ఎగతాళి ఇంకోటి లేదు. మేము భయపడతాం కాబట్టే రాత్రి ఆ దారిన పోం, పోం కాబట్టే ఆ దారిలో నేరాల లెక్క తక్కువ. బస్టాపులో మోచేత్తో పొడిచి పోయినవాడి మీద ఎవరు కేసు పెడతారు? ఆ భయం అనుభవం నేర్పింది, టీవీ కాదు. నేను పేచీ పెట్టేది ఆ భయానికి మనవాళ్ళు చెప్పే మందుతో: ఇంట్లో ఉండు. నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు తెలిసినవాడే: చుట్టమో, పొరుగువాడో, స్నేహితుడో, పెళ్ళి చేసుకుంటానన్నవాడో. ఆడవాళ్ళ మీద నేరాల్లో ఏటా మొదటి స్థానం భర్తా, అత్తింటివాళ్ళూ పెట్టే హింసది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త చేతిలో హింస పడ్డామని చెప్పిన పెళ్ళయిన ఆడవాళ్ళు దేశంలో 29 శాతం, ఆంధ్రలో 30, తెలంగాణలో దాదాపు 37. అంటే తెలంగాణలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లోరుకి కెమెరా ఉంది, లిఫ్టులో ఉంది, సెల్లారులో ఉంది. రెండో అంతస్తులో ఒకింట్లోంచి కొన్ని రాత్రులు వినబడే చప్పుడు ఏ కెమెరాలోనూ పడదు, ఏ గ్రూపులోనూ రాదు. 'వాళ్ళ ఇంటి విషయం, మనకెందుకు' అంటారు. కెమెరా ఫొటోలో ఎర్ర గీత గీసేటప్పుడు ఈ మనకెందుకు ఎక్కడికి పోతుందో.

కెమెరాలు వద్దని కాదు. వందమంది పోగయ్యే ఏ చోటైనా కెమెరాలు ఉండాలని 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది, గొలుసు దొంగల్ని పట్టుకోవడంలో అవి పనికొస్తున్నాయి, ఒప్పుకుంటాను. అయితే కెమెరా చేసేది ఏమిటి, జరిగినదాన్ని చూపించడం. జరక్కుండా ఆపేది వేరే ఇంకేదో.

మర్యాద దగ్గరికి వద్దాం. మనకి భద్రంగా అనిపించడానికి సగం కారణం మర్యాదే. తెల్లచొక్కా, నాలుగు ఇంగ్లీషు ముక్కలు, మాటకి ముందు ఒక 'సార్' ఉంటే చాలు, గేటు దగ్గర పేరు కూడా అడగరు. మా పై ఫ్లోరులో ఉండే రిటైర్డ్ అంకుల్‌ని నిరుడు ఎవరో వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్ట్' చేశారు. మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని, కేసు సీబీఐకి వెళ్ళిందని, ఎవరికీ చెప్పొద్దని, గది తలుపేసుకోమని. అసలు మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఒకటిన్నర రోజు ఆయన ఆ ఫోను ముందే కూర్చున్నాడు, ఆంటీ అవతలి గదిలోనే ఉంది. రిటైర్‌మెంట్ డబ్బుల్లో పెద్ద భాగం పోయింది. తర్వాత పరామర్శకి వెళ్తే ఆయన నాతో అన్న మాట ఇది: "ఎంత డీసెంట్‌గా మాట్లాడాడనుకున్నావమ్మా! మధ్యలో, సార్ మీరు బీపీ మాత్ర వేసుకోండి, తర్వాత మాట్లాడదాం అన్నాడు." ఇదే అంకుల్ గ్రూపులో అందరికంటే ఎక్కువ ఎర్ర గీతలు గీసేవాడు. 2024లో సైబర్ మోసాల్లో దేశం పోగొట్టుకున్నది దాదాపు 22,800 కోట్లని పార్లమెంటుకి హోం శాఖే చెప్పింది, అంతకు ముందు ఏడాదికి మూడు రెట్లు. మా గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి పాత పేపర్లవాడి సంచీ విప్పించి చూస్తాడు. (ఇలా జరిగితే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి, మొదటి గంటలో చేస్తే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ. అంకుల్ మూడో రోజు చేశాడు.)

లిఫ్టులో మా వాళ్ళ మర్యాద చూడాలి మీరు. తలుపు పట్టుకుంటారు, గుడ్ మార్నింగ్ అంటారు, పిల్లల పరీక్షలు అడుగుతారు. ఆ పక్కనే 'పనివాళ్ళు సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడవలెను' అని బోర్డు. లిఫ్టులో నాకు తలుపు పట్టుకున్న పెద్దమనిషే ఐదు నిమిషాల తర్వాత గేటు బయట పెద్ద బండిలో, రోడ్డు దాటుతున్న స్కూలు పిల్లల మీదకి హారన్ కొట్టుకుంటూ పోతాడు. ఆయన దృష్టిలో ఇందులో తేడా ఏమీ లేదు. లోపలివాళ్ళు తెలిసినవాళ్ళు, బయట ఉన్నది ట్రాఫిక్. మర్యాదకి అసలు పరీక్ష మళ్ళీ జన్మలో కలవని మనిషి దగ్గర కదా, ఆ పరీక్షలో మేము రోజూ పొద్దున్నే తొమ్మిదింటికి ఫెయిలవుతాం.

అలాగని బయటి జనం మంచివాళ్ళు, గేటు లోపలివాళ్ళు చెడ్డవాళ్ళు అని కథ చెప్పడం లేదు. రాంగ్ రూట్ బైకూ, ఫుట్‌పాత్ మీది బండీ, ముర్కిలో కొట్టిన గుంపూ అన్నీ బయటివే. కానీ కొత్తవాడంటేనే ముప్పు అన్న లెక్క మాత్రం పొరపాటు. 108 సంగతే తీసుకోండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, తర్వాత దేశంలో చాలా రాష్ట్రాలకి పాకింది. రోడ్డు మీద పడిపోయిన మనిషి తనంతట తాను 108కి ఫోన్ చెయ్యలేడు. చేసేది ఎవరు? దారినపోయేవాడు. పేరు తెలియని, కులం తెలియని, మా గేటు దగ్గర అయితే ఆధార్ చూపించమనే మనిషి. వెనకటికి సాయం చేస్తే పోలీసు స్టేషన్ చుట్టూ తిప్పుతారని జనం జంకేవాళ్ళు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు అలా సాయం చేసినవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని 134-ఎ అనే సెక్షనే పెట్టారు. మా పనావిడ కాలు విరిగి పడి ఉంటే ముందు ఎత్తి కూర్చోబెట్టింది ఎవరనుకున్నారు, ఆ కొబ్బరిబోండాల అతను. మా గ్రూపులో అతని బండి ఫొటో 'ఎంక్రోచ్‌మెంట్' అని రెండుసార్లు పడింది. అదీ నిజమే మరి, ఆ బండి ఉన్నది నడిచే జాగాలోనే. రెండూ నిజమే.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది. దాని ఖర్చు గురించి, కిక్కిరిసిన బస్సుల గురించి, సీటు కోసం జుట్లు పట్టుకున్న వీడియోల గురించి మీరు ఎంతైనా మాట్లాడండి. నేను చూసింది ఒకటి చెబుతాను. అంతకు ముందు రాత్రి తొమ్మిది దాటాక మా రూట్ బస్సులో నేనూ, ఇంకో ఇద్దరో ఉండేవాళ్ళం, ముందు సీటులో డ్రైవర్ వెనకాల బిక్కుబిక్కుమంటూ. ఇప్పుడు ఆ టైములో బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలూ, హాస్పిటల్ ఆయాలూ, కోచింగ్ పిల్లలూ అందరూ ఆ బస్సులోనే. గొడవ గొడవగా ఉంటుంది. ఎవడైనా వెకిలి వేషాలేస్తే వాడి పని అయిపోయినట్టే. ఇది ఆడవాళ్ళ భద్రత పథకం కింద వచ్చింది కాదు, ఒక్క కెమెరా కొత్తగా పెట్టలేదు. నేను మాత్రం రాత్రి క్యాబ్ మానేసి బస్సెక్కుతున్నాను, లైవ్ లొకేషన్ ఎవరికీ పంపడం లేదు. నాన్నకి కూడా.

వచ్చే నెల మా జనరల్ బాడీ మీటింగ్. ఎజెండాలో మొదటిది కొత్త కెమెరాలు, మొహం గుర్తుపట్టే రకమట, ఇంటికి ఆరు వేల చొప్పున. నేను ఒక కాగితం ఇచ్చాను: గేటు బయట మలుపులో స్పీడ్ బ్రేకర్, రెండు వీధి దీపాలు, మన చుట్టాల కార్లు లోపలే పెట్టించి అంతమేరకు నడిచే దారి, కొబ్బరిబోండాల బండికి గోడ పక్క పాత జనరేటర్ ఉన్న జాగా. సెక్రటరీ గారు చదివి, "మేడమ్, ఇదంతా గేటు బయట విషయం కదా, మన పరిధిలోకి రాదు" అన్నారు. మనం రోజూ వెళ్ళేది గేటు బయటికే కదండీ అన్నాను. అయితే మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకోండి, సంతకాలు మీరే తీసుకోండి అన్నారు. తీసుకుంటున్నాను. సీ బ్లాక్ అయిపోయింది, బీ బ్లాక్ సగం అయింది. ఏ బ్లాక్ వాళ్ళు ముందు కెమెరాల సంగతి తేలనివ్వండి, తర్వాత చూద్దాం అంటున్నారు.